ఫలితాల సమీక్ష ఎవరి కోసం?

(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

గిడుగు వెంకట రామమూర్తి అనగానే తెలుగువారికి వాడుక భాషా ఉద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కూడా. ఆ ఉద్యమానికి తొలి కదలిక ఒక బడుల ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న నుంచి వచ్చిందన్న సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ బడులు తిరిగారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు మరొకటి ఎందుకయ్యాయని కనిపించిన పండితుడినల్లా అడిగారు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావును, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటున్న రామమూర్తి పంతులును ఒక దారిలోకి తెచ్చింది. బడి చూడటానికి వచ్చిన అధికారి పిల్లవాడికి ఎన్ని మార్కులొచ్చాయన్న దగ్గర ఆగిపోకుండా, వాడికి అడ్డం పడుతున్నదేమిటని అడగడం వల్ల ఒక భాష చరిత్రే మలుపు తిరిగింది.

ఇప్పటి సమీక్షలో ఆ ప్రశ్న వినపడదు. ఏప్రిల్ నెలాఖరున పదో తరగతి ఫలితాలు వస్తాయి. ఆ సాయంత్రానికే జిల్లాల వరుస టీవీల్లో వస్తుంది. మర్నాడు కలెక్టరు గదిలో డీఈవో, ఎంఈవోలు, హెడ్మాస్టర్లు కూర్చుంటారు. జిల్లా ఎన్నో స్థానంలో ఉంది, కిందటేడు కన్నా ఎన్ని మెట్లు దిగింది, నూటికి నూరు శాతం తెచ్చిన బడులెన్ని, మరీ తక్కువ తెచ్చినవెన్ని అన్నవే ప్రశ్నలు. తక్కువ తెచ్చినవారికి మెమోలు, ఎక్కువ తెచ్చినవారికి శాలువాలు అందుతాయి. అప్పటికి పరీక్ష రాసిన పిల్లలు బడి వదిలి వెళ్లిపోయి ఉంటారు. వాళ్ల జవాబు పత్రాలు మూల్యాంకన కేంద్రాల్లో మూటలు కట్టి ఉంటాయి. ఏ ప్రశ్న దగ్గర ఎంతమంది ఆగిపోయారో ఆ గదిలో ఉన్నవారెవరికీ తెలియదు.

ఫలితాలు చూడకూడదని ఎవరూ అనరు, అనకూడదు కూడా. చూడకపోతే నష్టపోయేది పేద పిల్లలే. కానీ ఏ పిల్ల ఎక్కడ ఆగిందో తెలుసుకుని, ఆ పిల్ల ఇంకా బడిలో ఉండగానే ఏదైనా చేయడానికి జరిగే సమీక్ష వేరు. పెద్దవాళ్లకు మార్కులు వేయడానికి జరిగే సమీక్ష వేరు. రెండింటినీ ఒకే గదిలో, ఒకే అంకెతో జరపబోతే రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. ఇది ఊహ కాదు. పెద్ద పెద్ద నగరాల్లో, కోట్ల రూపాయల ఖర్చుతో, కోర్టు తీర్పులతో సహా రుజువైన విషయం.

దీని చరిత్ర కూడా పాతదే. 1862లో ఇంగ్లండు ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల గ్రాంటును ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్షతో ముడిపెట్టింది. చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. అప్పుడు ఇన్‌స్పెక్టరుగా ఉన్న కవి మాథ్యూ ఆర్నల్డ్ ఆ పద్ధతిని తన నివేదికల్లో ఏళ్ల తరబడి ఎదిరించారు. పిల్లలు వాచకం మొత్తాన్ని కంఠతా పట్టి గడగడా అప్పజెబుతున్నారనీ, మరో పుస్తకం చేతికిస్తే చదవలేకపోతున్నారనీ రాశారు. ఆ పద్ధతే ఓడెక్కి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. రామమూర్తి పంతులు 1880లో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి తెలుగు నేల మీద చాలా పల్లె బడులు ఈ ఫలితాల గ్రాంటు మీదే బతుకుతున్నాయి. బట్టీ చదువు మన స్వభావంలోనే ఉందని నిందించేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బట్టీకి డబ్బు కట్టిన కాలం ఒకటి ఇక్కడ చాలా ఏళ్లు నడిచింది.

ఇక ముందు చెప్పిన నగరాల్లో ఒకటైన అట్లాంటా కథ. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన రెవెన్యూ జిల్లా లాంటిది కాదు. దానికి సొంత పాలకమండలి, సొంత బడ్జెట్, సూపరింటెండెంట్ అనే ముఖ్యాధికారి ఉంటారు. జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటా డిస్ట్రిక్ట్‌లో సుమారు 50,000 మంది పిల్లలు. ఎక్కువమంది నల్లజాతివారు, పేదవారు. 1999లో బెవర్లీ హాల్ సూపరింటెండెంట్‌గా వచ్చారు. ప్రతి బడికీ ఏటికేడు ఒక లక్ష్యం పెట్టారు. మూడేళ్లలో అందుకోలేని ప్రిన్సిపల్ స్థానంలో మరొకరు వస్తారని స్పష్టంగా చెప్పారు. లక్ష్యం చేరిన బడుల సిబ్బందికి బోనస్ ఇచ్చారు. ఏటా ఉపాధ్యాయులందరినీ జార్జియా డోమ్ అనే స్టేడియంలో సమావేశపరిచేవారు. లక్ష్యం చేరిన బడులవారికి మైదానంలో కుర్చీలు, చేరనివారికి పైన మెట్ల మీద చోటు. చదువు చెప్పే మనుషులను వేలమంది చూస్తుండగా అలా విడదీసి కూర్చోబెట్టిన రోజునే ఆ విధానం మీద అనుమానం రావలసింది. రాలేదు. మార్కులు పెరుగుతూ పోయాయి. 2009లో హాల్‌ను ఆ దేశపు ఉత్తమ సూపరింటెండెంట్‌గా ఎంపిక చేశారు.

అట్లాంటా జర్నల్ కాన్‌స్టిట్యూషన్ పత్రిక విలేకరులు ఆ మార్కులను కూర్చుని లెక్కగట్టారు. ఒక ఏడాదిలో అంత పెరుగుదల సాధ్యం కాదన్నారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 2009 జవాబు పత్రాలను యంత్రంతో పరిశీలించింది. తప్పు జవాబు చెరిపి ఒప్పు జవాబు దిద్దిన గుర్తులు కొన్ని తరగతుల్లో ఎంత ఎక్కువున్నాయంటే, కాకతాళీయం అనడానికి వీల్లేదు. గవర్నరు నియమించిన పరిశోధకులు 2011 జులైలో నివేదిక ఇచ్చారు. చూసిన 56 బడుల్లో 44 చోట్ల అక్రమం జరిగింది. 178 మంది విద్యా ఉద్యోగుల పేర్లు బయటికొచ్చాయి. అందులో 38 మంది ప్రిన్సిపళ్లు. 82 మంది తప్పు ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్ 1న న్యాయస్థానం విచారణకు నిలబడిన 12 మందిలో 11 మందిని దోషులుగా తేల్చింది. వ్యవస్థీకృత నేరగాళ్ల మీద పెట్టే చట్టం కింద ఉపాధ్యాయులు చేతులకు బేడీలతో వెళ్లడం దేశమంతా చూసింది. హాల్ మీద కూడా అభియోగాలున్నా, తీర్పుకు నెల ముందే ఆమె క్యాన్సర్‌తో మరణించారు. తనకేమీ తెలియదనే ఆమె చివరిదాకా చెప్పారు.

ఈ కథలో అందరూ బేడీల దగ్గర ఆగిపోతారు. ఆగవలసిన చోటు వేరే ఉంది. జవాబులు దిద్దిన పత్రం తాలూకు పిల్లవాడికి మంచి మార్కులు వచ్చాయి. మంచి మార్కులు వచ్చినవాడికి అదనపు సాయం ఎందుకు? చదవలేని పిల్లలు చదవగలిగిన పిల్లలుగా నమోదై పై తరగతులకు వెళ్లిపోయారు. ప్రత్యేక తరగతులు వాళ్లకు అందకుండా పోయాయి. ఆ డిస్ట్రిక్ట్ చాలా ఏళ్ల తర్వాత 'టార్గెట్ 2021' పేరుతో ఆ పిల్లలను వెతికి పట్టుకుని ట్యూషన్లు, కౌన్సెలింగ్ ఇవ్వవలసి వచ్చింది. వాళ్లలో ఆఖరివారు 2021లో హైస్కూలు దాటుతారని ఆ పేరు. అప్పటికే కొందరు బడి వదిలేశారు.

మన దగ్గరా దీని ఛాయలు లేకపోలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో బయటికొచ్చి ఉపాధ్యాయులు అరెస్టయ్యారు. మరుసటేడు తెలంగాణలోనూ ప్రశ్నపత్రం ఫోన్లలో తిరిగింది. అరెస్టయినవారిని వెనకేసుకు రావలసిన పని లేదు. కానీ నూరు శాతం రాకపోతే సంజాయిషీ ఇవ్వాలన్న మాట ఏడాది పొడుగునా వింటూ వచ్చిన మనిషిని ఆ మాట ఎటు నెడుతుందో ఆ మాట అన్నవారు కూడా ఆలోచించాలి.

అయితే ఇంతటితో ఒక నిర్ణయానికి వచ్చేస్తే తొందరపాటే. ఎందుకంటే ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే జరిగిన ఒక పెద్ద ప్రయోగం దీనికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. 2005 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాల్లోని 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో రకరకాల పద్ధతులు పరీక్షించాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని నడిపారు. పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చిన బడుల్లో చదువు నిజంగానే పెరిగింది. బోనస్‌తో ముడిపెట్టని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ పెరిగింది. మరో వంద బడుల్లో బోనస్ ఏమీ ఇవ్వలేదు. సంవత్సరం మొదట్లో ప్రతి పిల్లవాడికీ పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చు, ఏది రాదు అని వివరంగా రాసిన నివేదిక ఉపాధ్యాయులకు ఇచ్చారు. అప్పుడప్పుడు పరిశీలకులు వచ్చి చూసి వెళ్లారు. చూసినప్పుడు ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధగా బోధిస్తూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే, నివేదికలు అందని బడుల పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు.

నివేదికలిస్తే చదువు బాగుపడుతుందని నమ్మేవారికి ఇది చేదు ఫలితమే. ఈ ఉపన్యాసం వాదించేది కూడా పిల్లల పేర్లతో సమీక్ష జరగాలనే కాబట్టి, ఈ సాక్ష్యాన్ని దాటవేసి ముందుకు పోవడం న్యాయం కాదు. ముందు బోనస్ సంగతి. అక్కడ పరీక్ష పెట్టింది బయటివారు. పత్రాలు ఉపాధ్యాయుల చేతుల్లో లేవు. బోనస్ సగటున ఏడాది జీతంలో సుమారు మూడు శాతం. రాకపోతే ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరినీ మెట్ల మీద కూర్చోబెట్టలేదు. పైగా లెక్కలోకి తీసుకున్నది ఎంతమంది పాసయ్యారన్నది కాదు, ప్రతి పిల్లవాడూ తానున్న చోటు నుంచి ఎంత ముందుకు కదిలాడన్నది. ముందే పాసయ్యేవాడూ, ఎలాగూ పాసవడనుకున్నవాడూ ఇద్దరూ ఆ లెక్కలో సమానమే. అట్లాంటాకూ దీనికీ ఉన్న దూరం చిన్నది కాదు.

నివేదికల సంగతి ఇంకా ముఖ్యం. కాగితం ఇచ్చారు. ఆ కాగితం చూసి ఏం చేయాలో ఎవరూ కూర్చుని మాట్లాడలేదు, టైంటేబుల్‌లో చోటు ఇవ్వలేదు. నాలుగో తరగతిలో ఉన్న పిల్లకు రెండో తరగతి పాఠం రాదని తెలిసినా, ఉపాధ్యాయుడు చెప్పవలసింది నాలుగో తరగతి సిలబస్సే. హర్యానాలో తర్వాత జరిగిన అధ్యయనం ఈ మాటే బలపరిచింది. అక్కడ నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో పిల్లలను పదేపదే అంచనా వేయించిన బడుల్లో చదువు పెరగలేదు. రోజుకు ఒక గంట కేటాయించి, తరగతితో పనిలేకుండా చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి బోధించిన బడుల్లో మాత్రం హిందీ చదవడం మెరుగైంది. కొలవడం ఒక పని, కొలిచాక గంట సమయం ఇవ్వడం మరో పని. మన ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక), ఎస్‌ఏ (సంగ్రహణాత్మక) పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి ఉపాధ్యాయులు రాత్రిళ్లు కూర్చుంటున్నారు. ఆ ఎక్కించిన మార్కులు మర్నాటి పాఠాన్ని మార్చిన సందర్భాలు ఎన్నో ఏ అధికారీ అడగరు.

అడిగిన చోటు ఒకటుంది. అమెరికాలోనే చికాగో. అప్పట్లో దాదాపు నాలుగు లక్షల మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్ అది. చాలామంది హైస్కూలు మధ్యలోనే మానేసేవారు. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలైన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ఒక విషయం బయటపెట్టారు. తొమ్మిదో తరగతిలో కనీసం ఐదు క్రెడిట్లు (ఏడాది కోర్సు పాసైతే ఒక క్రెడిట్) తెచ్చుకుని, ముఖ్య సబ్జెక్టుల్లో ఒక సెమిస్టరుకు మించి ఫెయిల్ కాని పిల్లలు హైస్కూలు పూర్తి చేసే అవకాశం మిగతావారికన్నా మూడున్నర రెట్లు ఎక్కువ. ఎనిమిదో తరగతి పరీక్ష మార్కులకన్నా, పిల్లవాడి జాతి, ఇంటి ఆదాయం కన్నా ఇదే సరిగ్గా చెప్పగలిగింది. మరో రెండేళ్లకు హాజరు గురించి తేల్చారు. ఒక సెమిస్టరులో అదనంగా ఒక వారం బడి మానితే చదువు పూర్తి చేసే అవకాశం ఇరవై శాతం పాయింట్లకు పైగా పడిపోతుంది.

ఆ తర్వాత డిస్ట్రిక్ట్ చేసిన పనే అసలు పాఠం. కొత్తగా తొమ్మిదో తరగతిలోకి వచ్చేవారిలో ఎవరెవరి మీద కన్ను వేయాలో బడులకు పేర్ల జాబితా ఇచ్చింది. కొన్ని వారాలకోసారి ఎవరి హాజరు తగ్గిందో, ఎవరు ఏ సబ్జెక్టులో జారుతున్నారో పేర్లతో పంపింది. తొమ్మిదో తరగతికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు కలిసి కూర్చునే వేళలు కొన్ని బడులు కల్పించాయి. ఇంటికి ఫోను చేయడం, సాయంత్రం ఆపి లెక్కలు చెప్పడం, మానేసిన పిల్ల ఎందుకు మానేసిందో కనుక్కోవడం లాంటి మామూలు పనులే. ఐదు క్రెడిట్ల కొలతను అందుకుని 'దారిలో ఉన్న' పిల్లలు 2007లో 57 శాతం, 2013 నాటికి 82 శాతమయ్యారు. ఉపాధ్యాయులు చేతికొచ్చిన మార్కులు వేసేశారా అని పరిశోధకులు అనుమానించారు. ముందుగా ఈ పని మొదలుపెట్టిన బడుల పిల్లలను పై తరగతులదాకా వెంబడించి చూశారు. ఆ బడుల్లో చదువు పూర్తి చేసినవారి శాతం కూడా పెరిగింది.

ఆంధ్ర ప్రయోగంలో విఫలమైన కాగితం చికాగోలో ఫలించడానికి కారణం కాగితంలో లేదు. కాగితం చుట్టూ మనుషులున్నారు, సమయం ఉంది. అది పరీక్ష అయ్యాక కాక పరీక్షకు ముందు వచ్చింది.

న్యూజెర్సీలోని యూనియన్ సిటీది మరో దారి. 1989లో ఆ చిన్న డిస్ట్రిక్ట్ రాష్ట్రం పెట్టిన 52 కొలమానాల్లో 44 అందుకోలేకపోయింది. స్వాధీనం చేసుకుంటామని ప్రభుత్వం హెచ్చరించింది. పిల్లల్లో అత్యధికులు ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు. ఫ్రెడ్ కారిగ్ అనే విద్యాధికారి, కొందరు ఉపాధ్యాయులు కూర్చుని పాఠ్యప్రణాళికను మొదటి నుంచి తిరగరాశారు. ముందు స్పానిష్‌లో చదవడం నేర్పి, ఆ పునాది మీద ఇంగ్లిషు కట్టారు. బాగా తెలిసిన ఉపాధ్యాయులే తోటివారికి శిక్షకులయ్యారు. తర్వాత ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుల వల్ల పేద డిస్ట్రిక్ట్‌లకు డబ్బు, మూడేళ్ల పిల్లలకు మంచి పూర్వప్రాథమిక బడులు వచ్చాయి. 2011లో అక్కడ హైస్కూలు పూర్తి చేసినవారు 90 శాతానికి దగ్గర. డేవిడ్ కర్ప్ ఆ బడుల్లో ఏడాది గడిపి ఒక పుస్తకం రాశారు. అందులో మంత్రదండం ఏదీ కనిపించదు. ఇరవై ఏళ్లపాటు దిశ మార్చకుండా నడవడమే కనిపిస్తుంది.

ఇంటి భాషలో మొదలుపెట్టడం అనే ఆ మాట పర్లాకిమిడి పంతులుకు కొత్త కాదు. ఆయన సవర అనే గిరిజన భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసి, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారని ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ సవరల ఊళ్లు ఎక్కువగా ఉన్న సీతంపేట ఏజెన్సీ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 2022లో ఏర్పడిన ఆ జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాల్లో మొదటి స్థానంలో నిలిచింది. 2025లో 93.90 శాతం. అదే ఏడాది చివరి స్థానం అల్లూరి సీతారామరాజు జిల్లాది, 47.64 శాతం. అదీ ఏజెన్సీయే, అదే రోజు ఏర్పడిన జిల్లానే.

రెండు గిరిజన జిల్లాల మధ్య 46 శాతం పాయింట్ల అంతరం. ఇంతకన్నా తరచి చూడవలసిన విషయం విద్యాశాఖకు మరొకటి ఉండదు. కొండల మధ్య దూరాలా, ఖాళీ పోస్టులా, హాస్టళ్లా, ఇంట్లో కువి, కోయ, ఒడియా మాట్లాడే పిల్లలకు తెలుగు, ఇంగ్లిషు ఒకేసారి మీదపడటమా? ఒక జిల్లాకు శాలువా, మరో జిల్లాకు మందలింపు ఇచ్చి ఊరుకుంటే ఈ ప్రశ్నలకు జవాబు ఎప్పటికీ రాదు. మన్యం జిల్లా ఉపాధ్యాయులు నలుగురు అల్లూరి జిల్లా బడుల్లో పది రోజులు ఉండి, అక్కడివారు ఇక్కడికి వచ్చి పది రోజులు ఉంటే మెమోలకన్నా ఎక్కువ తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారయ్యాయి. వాటితో చదువు మొదలుపెట్టిన పిల్లలు పదో తరగతికి ఎలా చేరారో తేల్చడం కూడా ఫలితాల సమీక్షలో భాగమే.

జాతీయ స్థాయి సర్వేలు ఇందులో కొంత సాయపడతాయి. 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ సర్వేలో 781 జిల్లాల్లో మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలు సుమారు 21 లక్షల మంది పాల్గొన్నారు. అది నమూనా సర్వే. జిల్లాలో భిన్నాలు రావడం లేదని చెబుతుంది కానీ ఏ పిల్లకు రావడం లేదో చెప్పదు. ఆ సంగతి తెలిసేది తరగతి గదిలో ఉన్న ఉపాధ్యాయుడికే. ఆ మనిషిని నిందితుడిగా కాకుండా సాక్షిగా పిలిచినప్పుడే సమీక్ష పనికొస్తుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు లాంటి కార్యక్రమాలు చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కల మీద దృష్టి పెట్టడం సరైన ఆలోచనే. పదో తరగతిలో చివరి వంద రోజుల ప్రణాళికలు, ఉదయం ఏడు గంటల ప్రత్యేక తరగతులు, వెనకబడిన పిల్లలను ఉపాధ్యాయులు దత్తత తీసుకోవడం అన్నీ ఏడేళ్ల ముందు జరగవలసిన పనిని ఆఖరి మూడు నెలల్లో చేయబోవడమే. అందులో ఉపాధ్యాయుల శ్రమ నిజమైనది, గౌరవించదగినది. ఆ శ్రమ మూడో తరగతిలో పడితే ఎక్కువమంది పిల్లలకు దక్కుతుంది.

ఈ సభలో హెడ్మాస్టర్లున్నారు, ఎంఈవోలున్నారు, జిల్లా అధికారులున్నారు. వారికి ఒక్క విన్నపం. ఈ విద్యా సంవత్సరం మొదటి సమీక్షను ఏప్రిల్‌కు వదలకుండా సెప్టెంబర్‌లోనే పెట్టండి. పాస్ శాతాల స్లైడు లేకుండా మొదలుపెట్టండి. ప్రతి హెడ్మాస్టరునీ తన బడిలో చదవలేకపోతున్న పిల్లల పేర్లు, వాళ్ల జవాబు పత్రాలు వెంట తీసుకురమ్మని చెప్పండి. ఆ పత్రాలు చూసి, ఏ పిల్లకు ఎవరు, రోజులో ఏ గంటలో, ఏ భాషలో చెబుతారో అక్కడే రాసుకోండి. జనవరిలో మళ్లీ కలిసినప్పుడు ముందుగా ఆ పేర్ల గురించే అడగండి.